20 ఏళ్ల నాటి గోల్ఫ్ ఐరన్లను ఇప్పుడు మార్చడం అవసరమా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా బావగారు అమెరికాలో ఆడిన ఐరన్ల (ఇనుప తల ఉన్న గోల్ఫ్ క్లబ్బుల) సెట్టును తిరిగివచ్చేటప్పుడు నాకు ఇచ్చారు. అది 2003 ప్రాంతంలో కొన్నది. 3వ నంబరు నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దెబ్బలకు వాడే క్లబ్బు) వరకు అన్నీ ఉన్నాయి, క్యావిటీ బ్యాక్ రకం (తల వెనుక గుంట ఉండి బరువు అంచుల్లో ఉండేది), స్టీలు షాఫ్టులు (కర్రలు). నాకు 58 ఏళ్లు, హ్యాండిక్యాప్ 22 (అంటే ప్రమాణ స్కోరు కన్నా సుమారు 22 దెబ్బలు ఎక్కువ తీసుకునే స్థాయి). నేను వెళ్లగలిగిన కోర్సులన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నందువల్ల వీలున్న ఆదివారాల్లో మాత్రమే అక్కడ ఆడి, మిగతా రోజుల్లో మేడ మీద కట్టుకున్న వలలోకి కొడుతుంటాను.

ఈమధ్య హైదరాబాద్‌లో ఒక దుకాణంలో లాంచ్ మానిటర్ (బంతి ఎత్తు, దూరం వగైరా కొలిచే యంత్రం) ముందు నా 7వ ఐరన్‌తోనూ, కొత్త సెట్టులోని 7వ ఐరన్‌తోనూ కొట్టించారు. కొత్తది దాదాపు 12 గజాలు ఎక్కువ దూరం పంపింది. సెట్టు ధర లక్ష రూపాయలకు దగ్గరగా ఉంది. ఆ 12 గజాలు నిజమైన లాభమేనా? పాత ఐరన్ల గ్రూవ్‌లు (ముఖం మీది గాడులు) ఇప్పటి నియమాలకు సరిపోవని కూడా ఒకరు అన్నారు, అది ఎంతవరకు నిజం? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు (కరీంనగర్ నుంచి)

సార్, ఆ దుకాణంలో పోల్చినవి నంబర్లే తప్ప క్లబ్బులు కావు. మీ సెట్టు కాలంలో 7వ ఐరన్ లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం, అది తగ్గితే బంతి దూరం పోతుంది) మామూలుగా 33, 34 డిగ్రీల దగ్గర ఉండేది. ఇప్పుడు మీలాంటి ఆటగాళ్ల కోసం చేస్తున్న సెట్లలో అదే నంబరు 28 నుంచి 30 డిగ్రీల మధ్య వస్తోంది, షాఫ్ట్ కూడా కాస్త పొడవుగా ఉంటోంది. అంటే లెక్క ప్రకారం ఆ కొత్త 7 మీ పాత 6కు సమానం. పక్కపక్క ఐరన్ల మధ్య ఉండవలసిన దూరం కూడా పది పన్నెండు గజాలే కాబట్టి, మీకు కనిపించిన లాభంలో చాలా భాగం క్లబ్బు అడుగున చెక్కిన అంకె వల్ల వచ్చిందే.

అయితే కొత్త ఐరన్లలో అసలు మార్పేమీ లేదని నేను అనను. ముఖం పలుచగా చేసి, బరువును కిందికీ అంచులకూ జరపడం వల్ల తక్కువ లాఫ్ట్‌తో కూడా బంతి తగినంత ఎత్తు లేస్తుంది. మధ్యలో తగలని దెబ్బకు జరిగే నష్టం కూడా తగ్గుతుంది. కానీ బరువును అంచులకు పంచే ఆలోచన 1960లలో పింగ్ కంపెనీ స్థాపకుడు కార్‌స్టెన్ సోల్‌హైమ్ చేసిన క్లబ్బుల నాటి నుంచే ఉంది. మీ క్యావిటీ బ్యాక్ ఆ వంశానిదే. బ్లేడ్ ఐరన్లతో (వెనుక గుంట లేని సన్నని రకంతో) ఆడేవారు క్యావిటీ బ్యాక్‌కు మారినప్పుడు కనిపించేంత తేడా మీకు కనిపించదు.

ఇంకో ఖర్చు దుకాణంవారు సాధారణంగా ముందుగా చెప్పరు. కొత్త సెట్టులో పిచింగ్ వెడ్జ్ 43, 44 డిగ్రీలకు దిగిపోతుంది. మీ శాండ్ వెడ్జ్ (ఇసుక గుంటల్లోంచి కొట్టే క్లబ్బు) 56 డిగ్రీలదైతే మధ్యలో 12, 13 డిగ్రీల ఖాళీ ఏర్పడుతుంది. వంద గజాల లోపల, అంటే స్కోరు ఎక్కువగా పాడయ్యే చోట, ఆ ఖాళీ కనిపిస్తుంది. దాన్ని పూడ్చడానికి ఇంకో వెడ్జ్ కొనాలి. సంచిలో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు కాబట్టి దేన్నో ఒకదాన్ని తీసేయాలి కూడా.

నా సలహా ఏమంటే, ఈసారి కొత్త 7ను మీ పాత 6తో పోల్చి కొట్టండి. దూరం సంగతి పక్కన పెట్టి, బంతి ఎంత ఎత్తు లేచిందో, ఏ కోణంలో కిందికి దిగిందో, పది బంతులు ఎంత వెడల్పులో పడ్డాయో చూడండి. నిటారుగా దిగిన బంతే గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉన్న నున్నటి గడ్డి) మీద ఆగుతుంది. ఆ విషయంలో కొత్తది గెలిస్తే, అప్పుడు లక్ష రూపాయల గురించి ఆలోచించవచ్చు.

గ్రూవ్‌ల సంగతి కూడా చెప్తాను. 2010 జనవరి 1 నుంచి ఉన్నత స్థాయి పోటీల్లో అమలైన నియమం అది. ఐరన్ల గ్రూవ్‌ల పరిమాణానికీ, 25 డిగ్రీలు, అంతకుమించి లాఫ్ట్ ఉన్న క్లబ్బుల్లో గ్రూవ్‌ల అంచుల పదునుకూ అది హద్దులు పెట్టింది. పోటీ నిర్వాహకులు దాన్ని ప్రత్యేక స్థానిక నియమంగా పెట్టుకుంటే తప్ప, ఆదివారం ఆటకు మీ క్లబ్బులను ఎవరూ ఆపరు.

రెండో జవాబు (కాజీపేట నుంచి)

పై మిత్రులు చెప్పిన లాఫ్ట్ లెక్కతో ఏకీభవిస్తున్నాను. కానీ దుకాణానికి మళ్లీ వెళ్లేలోగా ఇంట్లోనే చూడవలసినవి ఉన్నాయి. రైల్వేలో ఇనుముతో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కొంచెం విస్తరంగా రాస్తున్నాను, ఏమనుకోకండి.

మొదట గ్రిప్పులు. 20 ఏళ్ల రబ్బరు, అందులోనూ మన ఎండలో మేడ మీద వాడిన రబ్బరు, గట్టిపడి నునుపెక్కి ఉంటుంది. చెయ్యి జారుతుందన్న భయంతో తెలియకుండానే బిగించి పట్టుకుంటారు, దాంతో మణికట్లు కదలవు, బంతి కుడికి పోతుంది. దీన్ని చాలామంది క్లబ్బు పాతబడడం వల్ల వచ్చిన లోపమని అనుకుంటారు. గ్రిప్పులన్నీ మార్చినా కొత్త సెట్టు ధరలో చిన్న వంతే అవుతుంది.

తర్వాత లై కోణం, అంటే క్లబ్బును నేల మీద ఆనించినప్పుడు షాఫ్టు నేలతో చేసే కోణం. ఇవి మీ బావగారి ఎత్తుకు కొన్నవి, మీ ఎత్తుకు కాదు. క్లబ్బు అడుగున ఒక టేపు అంటించి గట్టి పలక మీది నుంచి బంతి కొట్టండి. గుర్తు మధ్యలో కాకుండా కొన వైపు (షాఫ్టుకు దూరపు అంచు వైపు) పడితే మీకు ఆ క్లబ్బు మరీ వాలుగా ఉందని, మడమ వైపు (షాఫ్టు దగ్గరి అంచు వైపు) పడితే మరీ నిటారుగా ఉందని అర్థం. దీన్ని వంచి సరిచేయించుకోవచ్చు. ఫోర్జింగ్ చేసిన మెత్తని కార్బన్ స్టీలు సులువుగా వంగుతుంది. పోత పోసిన 17-4 స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం మొండిది, బలవంతం చేస్తే మెడ దగ్గర విరుగుతుంది. అందువల్ల ఏ లోహమో తెలుసుకోకుండా ఎవరి చేతికీ ఇవ్వకండి. ఆ పని తెలిసినవారైనా ఒకటి రెండు డిగ్రీలకు మించి వంచరు.

తలకాయ, షాఫ్టు అతికిన చోట ఏమైనా కదులుతోందేమో కూడా చూసుకోండి. మే నెలలో కారు డిక్కీలో క్లబ్బులు వదిలేస్తే ఆ వేడికి లోపలి జిగురు పట్టు తప్పే అవకాశం ఉంది. మొరం నేల మీద సాధన చేస్తున్నట్టయితే వెంటనే మానేయండి, రాళ్లకు ముఖం గీతలు పడుతుంది, అడుగు అరిగిపోతుంది. వల కింద చాప పరచుకుంటే చాలు. ఏది అరిగినా ముందు అరిగేది వెడ్జే, 5, 6 ఐరన్ల గ్రూవ్‌లు చాలాకాలం నిలుస్తాయి.

మూడో జవాబు (గోదావరిఖని నుంచి)

నేను కొంచెం భిన్నంగా ఆలోచిస్తున్నాను. వయసు పెరిగినకొద్దీ స్వింగ్ వేగం తగ్గుతుంది, మీ స్టీలు షాఫ్టుల్లో ఒక్కోటి 120 గ్రాముల పైనే ఉండవచ్చు. 60, 70 గ్రాముల గ్రాఫైట్ షాఫ్టుతో ఒకసారి కొట్టి చూడకుండా పాతవే చాలని తేల్చేయకండి. అయితే మొత్తం సెట్టుతో పని లేదు. 22 హ్యాండిక్యాప్‌లో 3, 4 ఐరన్లను నేరుగా కొట్టేవారిని నేను చూడలేదు. వాటి బదులు ఒకటో రెండో హైబ్రిడ్‌లు (పొడవు ఐరన్ల కన్నా సులువుగా కొట్టగలిగే, తల లావుగా ఉన్న క్లబ్బులు) తీసుకుంటే మీ ఆటలో కనిపించేంత మార్పు వస్తుంది. ఆన్‌లైన్‌లో సగం ధరకు కనిపించే కొత్త సెట్ల జోలికి మాత్రం పోకండి, నకిలీవి చాలా తిరుగుతున్నాయి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. కాజీపేట అన్నగారు చెప్పిన టేపు పరీక్ష నిన్న సాయంత్రమే చేశాను. గుర్తులు దాదాపు అన్నీ కొన వైపే పడ్డాయి. మా బావగారు నాకన్నా పొట్టి, కాబట్టి ఇప్పుడు అర్థమవుతోంది. క్లబ్బు మెడ మీద లోహం పేరేమీ లేదు, ఫోర్జ్డ్ అని కూడా రాసి లేదు. దాన్ని పోత పోసినదిగానే భావించాలా?

రెండో జవాబు రాసినవారి నుంచి

ఆ కాలపు క్యావిటీ బ్యాక్‌లలో ఎక్కువ శాతం పోత పోసినవే, ఫోర్జింగ్ చేసినదైతే తయారీదారు ఆ మాట గొప్పగా చెక్కేవాడు. అలాగని అన్ని పోత క్లబ్బులూ ఒకటి కావు, 431 రకం స్టెయిన్‌లెస్ స్టీలు 17-4 కన్నా కొంత వంగుతుంది. సెట్టు మోడల్ పేరు ఇక్కడ రాయండి. వంచడానికి ఇచ్చేటప్పుడు ముందుగా 3వ ఐరన్ ఒక్కటే ఇచ్చి చూడండి. గోదావరిఖని మిత్రులు చెప్పినట్టు అది ఎలాగూ సంచిలోంచి పోయేదే.