48 వోల్టుల ఈ-రిక్షాకు లిథియం బ్యాటరీ వేస్తే పాత చార్జర్ పనికివస్తుందా?

ప్రశ్న

విజయవాడలో ఈ-రిక్షా నడుపుకునే మా అన్నయ్య బండిలోని నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఈ వేసవితో పూర్తిగా పాడయ్యాయి. వాటి స్థానంలో 16 సెల్స్ వరుసగా కలిపిన 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ పెట్టించాలని అనుకుంటున్నాము. రెండూ 48 వోల్టులవే కనుక పాత చార్జరే చాలుననీ, బీఎంఎస్ (సెల్స్‌ను కనిపెట్టి ఉండి కాపాడే బ్యాటరీ నియంత్రణ సర్క్యూట్) ఉంటుంది కాబట్టి భయం లేదనీ దుకాణదారు అంటున్నారు. ఆ మాట నమ్మవచ్చునా? మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ మీద గరిష్ఠంగా 50 ఆంపియర్లు అని ఉన్నది. బీఎంఎస్ ఎంతది తీసుకోవాలి?

మొదటి సమాధానం

దయచేసి నమ్మకండి. మీ ప్యాక్‌లో ఒక్కో సెల్ 3.65 వోల్టుల వద్ద నిండుతుంది, అంటే మొత్తం 58.4. లెడ్ యాసిడ్ చార్జర్ కూడా దాదాపు అంతవరకే వెళ్తుంది కనుక చాలామంది పొరబడుతున్నారు. చిక్కంతా ఆ తరువాతి దశలోనే ఉన్నది: బ్యాటరీ నిండిన తరువాత కూడా అది ఫ్లోట్ పేరిట వోల్టేజిని నిలిపి ఉంచుతుంది, కొన్ని రకాలైతే ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్ సెల్స్‌ను సమం చేయడం) కోసం ఇంకా పెంచుతాయి. మీకు కావలసినది స్థిరమైన కరెంటుతో మొదలై, 58.4 వద్ద వోల్టేజిని స్థిరంగా ఉంచి, కరెంటు బాగా తగ్గిన తరువాత తనంతట తానే ఆగిపోయే చార్జర్. 20 ఆంపియర్లదైతే అయిదారు గంటలు పడుతుంది. రాత్రంతా సమయం ఉన్న బండికి అంతకన్నా వేగం అవసరం లేదు.

చార్జింగ్ ఆపే బాధ్యతను రోజూ బీఎంఎస్ మీద వేయకూడదు. అది చివరి రక్షణ మాత్రమే. దానిలో కరెంటును తెంచే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు, అంటే మాస్‌ఫెట్లు, చెడిపోయినప్పుడు తరచుగా షార్ట్ అవుతాయి. అప్పుడు కరెంటును ఆపేది ఏదీ మిగలదు.

రెండవ సమాధానం

బీఎంఎస్ నిరంతర సామర్థ్యం 100 ఆంపియర్లు ఉంటే మంచిది. లేబుల్ మీది పీక్ (కొద్ది క్షణాలు మాత్రమే తట్టుకునే) అంకెను లెక్కలోకి తీసుకోవద్దు, ఎందుకంటే నిండా ప్రయాణికులతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కంట్రోలర్ తన గరిష్ఠ కరెంటును చాలాసేపు లాగుతుంది. బీఎంఎస్ ఐరన్ ఫాస్ఫేట్ రకానికే చేసినదో కాదో అడగండి, 4.2 వోల్టుల వద్ద నిండే ఎన్ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్ అనే మరో లిథియం రకం) సెల్స్‌కు అమర్చినది మీ సెల్స్‌ను సమయానికి కాపాడలేదు. ఉష్ణోగ్రత సెన్సర్ తప్పనిసరి. మధ్యాహ్నం ఎండలో తిరిగి వచ్చిన బండిని నీడలో చల్లబడనిచ్చిన తరువాతే చార్జింగ్‌కు పెట్టమనండి.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలండీ. దుకాణంలో 54.6 వోల్టుల లిథియం చార్జర్ సిద్ధంగా ఉన్నదట. అది వాడవచ్చునా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

అది 13 ఎన్ఎంసీ సెల్స్‌కు చేసినది. మీ ప్యాక్‌కు ప్రమాదం లేదు గానీ సెల్‌కు 3.41 వోల్టులే అందుతాయి, కనుక నిండబోయే దశలో జరగవలసిన సెల్స్ బ్యాలెన్సింగ్ (అన్ని సెల్స్‌ను ఒకే స్థాయికి తేవడం) సరిగా జరగదు. తిరగేసి మాత్రం ఎన్నడూ చేయకండి: 58.4 చార్జర్‌ను 13 ఎన్ఎంసీ సెల్స్‌కు తగిలిస్తే ఒక్కో సెల్ మీద దాదాపు 4.5 వోల్టులు పడుతుంది, అది మంటలకు దారితీయగలదు.