షార్లెట్ వెళ్తున్నా, చుట్టుపక్కల డిస్క్ గోల్ఫ్ ఎక్కడెక్కడ ఆడాలి?

కోరమంగళ_కడపోడు:

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఉంటా, వారాంతాల్లో అల్టిమేట్ ఫ్రిస్బీ ఆడతా. ఆఫీసు పని మీద జులై చివర్లో నార్త్ కరోలినాలోని షార్లెట్ వెళ్తున్నా, అక్టోబరు ఆఖరు దాకా అక్కడే. ఉండేది బాలంటైన్ వైపు, అక్క వాళ్ల ఇంటికి దగ్గర్లో. డిస్క్ గోల్ఫ్ (గోల్ఫ్ లాంటిదే, బంతి బదులు డిస్క్‌ని వీలైనన్ని తక్కువ విసుర్లలో బాస్కెట్లో వేసే ఆట) సరిగ్గా నేర్చుకోవాలని చాలా ఏళ్ల కోరిక, పెద్ద టోర్నమెంట్లన్నీ యూట్యూబ్‌లో చూస్తూనే ఉంటా గానీ గొలుసుల బాస్కెట్ పెట్టిన అసలైన కోర్సులో ఇంతవరకూ అడుగుపెట్టలేదు. ఇప్పుడు ఈ ఆటకి అంత పేరున్న ఊరికే పంపిస్తున్నారు కాబట్టి ఒక్క వారాంతం కూడా వృథా చేసుకోకూడదని ఉంది.

ఆఫీసు అయ్యాక సాయంత్రాలు ఆడుకోవడానికి ఊళ్లో ఏ పార్కులు బావుంటాయి? శని, ఆదివారాల్లో మూడు గంటల డ్రైవ్ లోపల ఎక్కడికి వెళ్లొచ్చు? పెద్ద టోర్నమెంట్ జరిగే పక్క ఊరు రాక్ హిల్ ఎలాగూ వెళ్తా, అది తప్ప ఏముంది? బావ కూడా వస్తానంటున్నారు, ఆయన ఎప్పుడూ డిస్క్ పట్టినవారు కాదు. ఆయనకి మొదటి రోజే విసుగు పుట్టకుండా ఎక్కడ మొదలుపెట్టమంటారో అది కూడా చెప్పండి. బయల్దేరే లోపు ఇక్కడ ఏం ప్రాక్టీసు చేస్తే పనికొస్తుంది?

హెచ్‌ఎస్‌ఆర్_గోదారి:

తమ్ముడూ, మంచి చోటికే వెళ్తున్నావు. నేను షార్లెట్‌లో కొన్నేళ్లు ఉండి వచ్చా, ఇప్పటికీ ఆ ఊరు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ పార్కులే. 2012లో ప్రపంచ చాంపియన్‌షిప్ షార్లెట్‌లోనే జరిగింది, ఈ ఆటలో పెద్ద పేరున్న పాల్ మెక్‌బెత్ మొట్టమొదటి ప్రపంచ టైటిల్ గెలిచింది అక్కడే. ఇన్ని మంచి కోర్సులు ఒక్క ఊళ్లో, అదీ చాలావరకు కౌంటీ పార్కుల్లో డబ్బు కట్టే పని లేకుండా దొరకడం అమెరికాలో కూడా అన్నిచోట్లా ఉండదు. కారు ఆపడం, డిస్కులు తీసుకుని నడవడం, అంతే.

నువ్వుండేది బాలంటైన్ అయితే ఎలాన్ పార్క్ నీకు ఇంటి కోర్సు. చెట్ల మధ్య ఇరుకు దారులు, దూరం విసరడం కన్నా తిన్నగా విసరడం అక్కడ ముఖ్యం. జులై చివర్లో ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, ఆఫీసు నుంచి వచ్చి టీ తాగి బయల్దేరినా పద్దెనిమిది హోల్స్ (ఒక్కో బాస్కెట్ దాకా సాగే దారిని హోల్ అంటారు) పూర్తవుతాయి. అక్టోబరు చివరికి ఆరున్నరకే చీకటి పడిపోతుంది, కాబట్టి ఊళ్లో కోర్సులన్నీ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే చుట్టేయి. ఉత్తరం వైపు హార్నెట్స్ నెస్ట్, నెవిన్. యూనివర్సిటీ వైపు పని ఉన్న రోజు రీడీ క్రీక్.

రెనసాన్స్ పార్క్ సంగతి వేరే చెప్పాలి. గుట్టలు, పొడుగు హోల్స్, కింద నుంచి పైకి విసరాల్సినవి కొన్ని, పై నుంచి లోయలోకి వదలాల్సినవి కొన్ని. ఊళ్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే, అయినా మీ బావగారిని మొదటి వారం అక్కడికి తీసుకెళ్లొద్దు. కొత్తవాళ్లకి డిస్క్ ఎంత దూరం పోయిందన్నదాని కన్నా బాస్కెట్లో గొలుసులు ఎన్నిసార్లు మోగాయన్నదే ఆనందం. పొట్టి హోల్స్ ఉన్న చోట తొమ్మిది ఆడించి, ఇంకా ఆడదాం అని ఆయనే అనేలా వదిలెయ్. కోర్సుల మ్యాపులు, హోల్స్ పొడవు అన్నీ యూడిస్క్ యాప్‌లో ఉంటాయి, దిగగానే పెట్టుకో.

ఇంకొక్కటి. అక్కడి వేసవి మన బెంగళూరు వాతావరణం కాదు, ఉక్కపోత చెన్నైలా ఉంటుంది, మధ్యాహ్నాలు ఉరుములతో వానలు. ఉరుము వినపడగానే ఆట ఆపేసి కారు దగ్గరికి వెళ్లాలి, చెట్ల కింద నిలబడకూడదు. పొదల్లోకి డిస్క్ పోతే చెయ్యి పెట్టే ముందు చూడు. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ ఒంటికి తగిలితే దద్దురు వారాల తరబడి వదలదు, గోమార్లు పట్టుకుంటాయి, కాపర్‌హెడ్ పాములు కూడా ఆ అడవుల్లో ఉంటాయి. పొడుగు సాక్సులు, ప్యాంటు తప్పనిసరి.

వైట్‌ఫీల్డ్_వాణి:

పైన అన్నయ్యగారు ఊళ్లో కోర్సుల గురించి చెప్పింది అక్షరాలా నిజం. మూడు గంటల డ్రైవ్ అన్నారు కాబట్టి నా ఓటు మాత్రం జార్జియాలోని ఆప్లింగ్‌కి. షార్లెట్ నుంచి ఐ-77 మీద కొలంబియా, అక్కడి నుంచి ఐ-20 పట్టుకుంటే అగస్టా దాటాక వస్తుంది. డిస్క్ గోల్ఫ్ సంఘం పీడీజీఏ ఆఫీసు ఉన్న ఇంటర్నేషనల్ డిస్క్ గోల్ఫ్ సెంటర్ అక్కడే, వైల్డ్‌వుడ్ పార్క్ అని పెద్ద సరస్సు ఒడ్డున. ఒకే చోట పద్దెనిమిదేసి హోల్స్ కోర్సులు మూడు: స్టెడీ ఎడ్, జిమ్ వార్నర్, డబ్ల్యూ.ఆర్. జాక్సన్. పార్కులోకి కొద్దిపాటి రుసుము ఉంటుంది, అంతే.

అందరూ రాక్ హిల్, రాక్ హిల్ అంటారు గానీ ఈ ఆట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనే ఆసక్తి ఉన్నవాళ్లు వెళ్లాల్సింది ఇక్కడికే. అక్కడ ఎడ్ హెడ్రిక్ పేరుతో మ్యూజియం ఉంది. వామ్-ఓ కంపెనీలో ఫ్రిస్బీని మెరుగుపరిచింది ఆయనే, 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి కోర్సు పెట్టిందీ ఆయనే, 1976లో పీడీజీఏ మొదలుపెట్టిందీ ఆయనే. అంతకు ముందు చెట్లకీ స్తంభాలకీ గురిపెట్టి ఆడేవాళ్లు, డిస్క్ తగిలిందా లేదా అని ఊరికే వాదనలు. గొలుసులు వేలాడదీసి కింద బుట్ట పెట్టాక ఆ గొడవ తీరిపోయింది, డిస్క్ బుట్టలో ఉంటే పడినట్టు. ఆయన 2002లో పోయాక, కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులుగా అచ్చుపోశారు. ఇష్టపడ్డ ఆటలోనే కలిసిపోవాలనుకున్న మనిషి అని తెలిశాక ఆయన పేరున్న స్టెడీ ఎడ్ కోర్సులో మొదటి టీ (డిస్క్ విసరడం మొదలుపెట్టే చోటు) మీద నిలబడితే నాకు నిజంగా ఒళ్లు జలదరించింది.

మీ బావగారితో అయితే పొద్దున్నే స్టెడీ ఎడ్ ఆడండి. మూడింటిలో పొడుగైనదీ కఠినమైనదీ జాక్సన్, 2022లో పీడీజీఏ పెద్ద టోర్నమెంట్ చాంపియన్స్ కప్ జరిగింది దాని మీదే, పురుషుల్లో క్రిస్ డికర్సన్, మహిళల్లో క్రిస్టిన్ టట్టార్ గెలిచారు. పొడుగు పైన్ చెట్ల మధ్య ఒక్కో ఫెయిర్‌వే, అంటే డిస్క్ విసిరే దారి, సన్నటి వీధిలా కనిపిస్తుంది, డిస్క్ మధ్యలో ఒక్క చెట్టుకి తగిలినా చప్పుడు అడవంతా వినపడుతుంది. ఒకే రోజులో మూడూ ఆడదామనుకోకండి, మూడో దానికి చెయ్యి లేవదు. పార్కులోనే క్యాంపింగ్ ఉంది, శనివారం రాత్రి ఉండిపోతే ఆదివారం పొద్దున జాక్సన్ తాపీగా ఆడొచ్చు.

మారతహళ్లి_మామ:

డిస్కుల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. అల్టిమేట్ డిస్క్ 175 గ్రాములు, వెడల్పు. గోల్ఫ్ డిస్కులు చిన్నవి, అంచు పదును. ఒక్కో డిస్క్ మీద నాలుగు అంకెలుంటాయి: స్పీడ్ (ఎంత వేగంగా విసరాలి), గ్లైడ్ (ఎంత బాగా తేలుతుంది), టర్న్ (మొదట్లో ఎంత పక్కకి తిరుగుతుంది), ఫేడ్ (చివర్లో ఎంత వాలుతుంది). షాపుకెళ్లి స్పీడ్ 12, 13 ఉన్న డ్రైవర్ (దూరం విసిరే డిస్క్) కొనకు. ఉదాహరణకి డెస్ట్రాయర్ అనే డ్రైవర్ మీద 12, 5, -1, 3 అని ఉంటుంది, ఆ వేగం చేతిలో లేనివాడు వేస్తే ముందుకు పోకుండా ఎడమకి వాలిపోతుంది. బాస్కెట్ దగ్గర్నుంచి వేసే పటర్ ఒకటి, ఏవియర్; మధ్య దూరానికి మిడ్‌రేంజ్ ఒకటి, బజ్; నెమ్మదైన ఫెయిర్‌వే డ్రైవర్ ఒకటి, లెపర్డ్; ఈ మూడూ చాలు. బావకీ అవే. మామూలు ప్లాస్టిక్ తీసుకుంటే ఒక్కోటి పది డాలర్ల అటూ ఇటూ.

రంగు కూడా చూసుకో. వేసవిలో పచ్చటి అడవిలో గులాబీ, నారింజ బాగా కనపడతాయి. అక్టోబరులో ఆకులు ఎర్రబడి రాలాక అదే నారింజ డిస్క్ కాళ్ల దగ్గరున్నా కనపడదు, అప్పుడు నీలం వాడు. వెనక మార్కర్‌తో అక్కడి ఫోన్ నంబరు రాయి, దొరికినవాళ్లు చాలామంది ఫోన్ చేసి ఇస్తారు.

కోరమంగళ_కడపోడు:

అన్నా, అక్కా, మామా, ముగ్గురికీ చాలా థాంక్స్. ఆప్లింగ్ నా లిస్టులో లేనే లేదు, ఇప్పుడు మొదటి పేరు అదే. చితాభస్మం సంగతి చదివి అక్కకి ఫోన్ చేసి చెప్పా.

ఇంకో సందేహం. రాక్ హిల్ ఆడటానికి వెళ్లాలా, అక్టోబరు టోర్నమెంట్ చూడటానికి వెళ్లాలా? అల్టిమేట్‌లో నాకు ఫోర్‌హ్యాండ్ బాగానే వస్తుంది, అది ఇక్కడ పనికొస్తుందా?

హెచ్‌ఎస్‌ఆర్_గోదారి:

రెండిటికీ వెళ్లు తమ్ముడూ, అరగంట దూరమే కదా. యూఎస్ డిస్క్ గోల్ఫ్ చాంపియన్‌షిప్ 1999 నుంచి అక్కడ విన్‌త్రాప్ యూనివర్సిటీ స్థలంలోనే జరుగుతోంది, మామూలుగా అక్టోబరులో. తేదీలు, టికెట్లు ముందే చూసుకో. సెప్టెంబరులో ఒకసారి ఆడేస్తే తర్వాత టోర్నమెంట్ చూసేటప్పుడు ఆటగాళ్లు ఏం చేస్తున్నారో అర్థమవుతుంది. వీడియోలో ఆ కోర్సు చదునుగా, విశాలంగా, సులువుగా కనిపిస్తుంది. సరస్సు అంచున సాగే అయిదో హోల్ దగ్గర నిలబడి చూడు, నీళ్లు ఎంత దగ్గరో అప్పుడు తెలుస్తుంది. టోర్నమెంట్ రోజుల్లో పసుపు తాళ్లు కట్టి హద్దులు గీస్తారు, తాడు దాటితే ఒక స్ట్రోక్ పెనాల్టీ, అంటే స్కోరుకి ఒకటి కలుస్తుంది. పదిహేడో హోల్‌కి గడ్డి కట్టలు పేర్చి ఉంటాయి, ఆ హద్దు లోపల డిస్క్ ఆగకపోతే పెనాల్టీ. మూడు రోజులు బ్రహ్మాండంగా ఆడినవాళ్లు నాలుగో రోజు అక్కడ టైటిల్ పోగొట్టుకోవడం ఎంత టెన్షన్ పెడుతుందో, చూసేవాళ్లకే చేతులు చల్లబడతాయి. నువ్వు వెళ్లినరోజు ఎక్కడైనా నిలబడు గానీ ఆఖరి గుంపు వచ్చేసరికి పదిహేడు దగ్గరుండు.

ఫోర్‌హ్యాండ్ ఉన్నవాడికి ఎలాన్ లాంటి అడవి కోర్సుల్లో సగం బెంగ తీరినట్టే. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ చివర్లో ఎడమకి వాలుతుంది, ఫోర్‌హ్యాండ్ కుడికి. దారి కుడికి తిరిగిన ప్రతి హోల్‌లో నీ చేతిలో సరైన షాట్ ఉంటుంది. అల్టిమేట్ వాళ్లకి ఒక్క అలవాటు అడ్డొస్తుంది, పట్టుకునేవాడి కోసం డిస్క్ ముందు అంచు కాస్త పైకెత్తి తేలేలా వేస్తారు. గోల్ఫ్ డిస్క్ అలా వేస్తే గాల్లో ఆగిపోయి పక్కకి వాలి పడిపోతుంది. అంచు కొంచెం కిందికే పెట్టి వేయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకో.

ఎలక్ట్రానిక్_సిటీ_ఎర్రబాబు:

ఆషెవిల్ ఎవరూ అనలేదేంటి? షార్లెట్ నుంచి రెండు గంటలు, కొండలు, చల్లటి గాలి, రిచ్‌మండ్ హిల్ పార్కులో అడవి కోర్సు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఆ ప్రాంతాన్ని బాగా దెబ్బతీసింది కాబట్టి యూడిస్క్‌లో ఇటీవల వెళ్లొచ్చినవాళ్లు రాసింది చదివి బయల్దేరండి. అక్టోబరు మధ్యలో ఆకులు రంగు మారేటప్పుడు అక్కావాళ్లందరినీ తీసుకెళ్లొచ్చు. డిస్క్ పట్టనివాళ్లు కూడా పక్కన నడుస్తారు.

వైట్‌ఫీల్డ్_వాణి:

ప్రాక్టీసు గురించి అడిగారు కదా. ఈ నెల రోజులూ దూరం గురించి మర్చిపోయి పుట్టింగ్, అంటే దగ్గర్నుంచి బాస్కెట్లో వేయడం, ఒక్కటే చేయండి. అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ ఉంటే ఒక స్టూల్ మీద బట్టల బుట్ట పెట్టి, అయిదు మీటర్ల నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పది దాకా వెళ్లండి. పది మీటర్ల లోపల రూలు వేరు, డిస్క్ వదిలాక ముందుకి పడిపోకుండా అక్కడే నిలదొక్కుకోవాలి, లేకపోతే పెనాల్టీ. అల్టిమేట్‌లో పరుగు మీద వేసే అలవాటున్నవాళ్లకి ఈ నిలబడటమే కష్టం. కబ్బన్ పార్కులో, లాల్‌బాగ్‌లో వేయకండి, నడిచేవాళ్లు, పిల్లలు ఉంటారు. గోల్ఫ్ డిస్క్ అంచు తగిలితే గట్టిగానే దెబ్బ తగులుతుంది.

కోరమంగళ_కడపోడు:

సరే అక్కా, బట్టల బుట్ట ఈ రోజే పెడతా. ప్లాన్ ఇలా అనుకుంటున్నా: ఆగస్టంతా ఎలాన్, హార్నెట్స్ నెస్ట్, బావకి చెయ్యి అలవాటయ్యాక రెనసాన్స్. సెప్టెంబరులో ఒక శని, ఆదివారం ఆప్లింగ్‌లో క్యాంపింగ్. ఆ నెలలోనే రాక్ హిల్ ఒకసారి ఆడి, అక్టోబరులో టోర్నమెంట్ చూడటం, ఆషెవిల్ అక్కావాళ్లతో. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు కలిపి ఆప్లింగ్‌కి వెళ్లొచ్చా?

వైట్‌ఫీల్డ్_వాణి:

లేబర్ డేకి వద్దు. సరస్సు ఒడ్డు కాబట్టి పడవలతో జనం వచ్చేస్తారు, క్యాంపింగ్ దొరకడం కష్టం, ఎండ కూడా తగ్గి ఉండదు. సెప్టెంబరు చివరి వారాంతం పెట్టుకోండి, చోటు మాత్రం ఇప్పుడే బుక్ చేసుకోండి. శనివారం సాయంత్రం లోపు మ్యూజియం చూసేయండి, ఆదివారానికి మిగల్చకండి.