ఫోన్లో చదివే కామిక్‌ని తెలుగు అక్షరాలతో పుస్తకంలా ప్రింట్ తియ్యాలని ఉంది, బొమ్మల్లో మాటలు రాసే బెలూన్లలో మన అక్షరం పట్టడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి

అక్షరాలపని_అనంతపురం:

అందరికీ నమస్కారం. నేను అనంతపురం సుభాష్ రోడ్డులో ఒక డీటీపీ సెంటర్‌లో పని చేస్తాను. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, వర్ధంతి కార్డులు, పొద్దున్నుంచి రాత్రిదాకా అక్షరాలతోనే పని. ఇంటికెళ్ళి అన్నం తిన్నాక ఫోన్లో కామిక్స్ చదువుతాను. పెద్ద కంపెనీల సూపర్ హీరోలవి కాదు. ఒక్క మనిషే కథ అల్లుకుని, గీసి, రంగులేసి, ఇంటర్నెట్‌లో పెట్టేవి.

ఇవంటే ఎందుకంత ఇష్టమో చెప్పాలి. పెద్ద కంపెనీ కామిక్‌లో మామూలుగా కథ ఒకరిది, పెన్సిల్ ఒకరిది, ఇంకు ఒకరిది, రంగులు ఇంకొకరివి. ఇక్కడ అంతా ఒకే చెయ్యి. ఆ చెయ్యి ముదరడం మనకు కనిపిస్తుంది. మొదటి ఎపిసోడ్‌లో మనిషి వేళ్ళు గీయలేక చేతుల్ని జేబుల్లో దాచేసిన ఆర్టిస్టే, కొన్నేళ్ళయ్యాక వానలో తడిసిన సందును, అందులో గొడుగు పట్టుకున్న ముసలాయన చేతిని, మీద నరాలతో సహా గీస్తాడు. పాత ఎపిసోడ్లు తీసెయ్యడు, అక్కడే ఉంచుతాడు. నాకు అదే నచ్చుతుంది. కింద కామెంట్లలో అడిగితే ఆయనే జవాబిస్తాడు. ఏ బ్రష్ వాడారని అడిగితే ఫైలే ఇచ్చేసేవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయం. మా అక్క కూతురు ధర్మవరంలో ఐదో తరగతి. సెలవులకు వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని 'పెప్పర్ అండ్ క్యారట్' చూస్తుంది. తెలియనివాళ్ళ కోసం: ఇది డేవిడ్ రెవోయ్ అనే ఫ్రాన్స్ ఆర్టిస్టు 2014లో మొదలుపెట్టిన వెబ్‌కామిక్. పెప్పర్ అనే చిన్న మంత్రగత్తె, ఆమె పిల్లి క్యారట్. చదవడానికి డబ్బులు కట్టక్కర్లేదు. ఇష్టమైన పాఠకులు ఇచ్చే డబ్బుతోనే ఆయన గీస్తున్నాడు. ప్రపంచంలో ఎవరెవరో వాళ్ళ వాళ్ళ భాషల్లోకి మార్చారు, యాభై భాషలు దాటాయి. పాప బొమ్మలన్నీ చూస్తుంది, నవ్వుతుంది, "ఏమంటాంది పిన్నీ?" అని ప్రతి బెలూన్‌కీ ఆగుతుంది. నేను చెప్పాలి. తెలుగు తనంతట తాను గడగడా చదివే పిల్ల ఒక కామిక్ చదవడానికి నా నోటి కోసం ఎదురుచూడటం నాకు నచ్చడం లేదు. తన చేతికి పుస్తకం ఇవ్వాలి. వాళ్ళ క్లాసు పిల్లలకు కూడా.

మాటలు తెలుగులో రాసుకున్నాను. అది బాగానే వచ్చింది. బెలూన్లో పెట్టేసరికి మాత్రం పట్టడం లేదు. ఇంగ్లిష్‌లో మూడు వరసలు ఉన్నచోట మనకు అయిదు అవుతున్నాయి. సైజు తగ్గిస్తే వత్తులు నల్లగా అలుక్కుపోతున్నాయి. వరసలు దగ్గర చేస్తే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. మా దగ్గర పేజీలు కట్టడానికి పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అందులో తెలుగు కొట్టడానికి అను ఫాంట్లు, అంతా అవే. ఇరవై ఆరు అంగుళాల ఫ్లెక్సీ అయినా, అరచేతి కార్డు అయినా నాకు కష్టం లేదు. ఈ బెలూన్ దగ్గరే ఆగిపోయాను.

ఏ ఫాంటు వాడాలి, బెలూన్‌ని పెద్దది చెయ్యొచ్చా, ప్రింట్ ఖర్చుకి పిల్లల దగ్గర కొంచెం డబ్బు తీసుకుంటే తప్పా? ఈ మూడూ చెప్పండి. ఫోటోకాపీ తీసి పంచెయ్ అని మాత్రం చెప్పొద్దు. మంచిగా చెయ్యాలని ఉంది.


గీతలోగీత_కడప:

అక్కా, నాది కడప, పని బెంగళూరులో. కామిక్స్‌కి అక్షరాలు వేసే పనే చేస్తాను, ఎక్కువ ఇంగ్లిష్, కొన్ని కన్నడ. మీ పోస్టు చూసి చాలా సంతోషమైంది. ఈ పని గురించి తెలుగులో అడిగేవాళ్ళు దొరకరు.

ముందు అను పక్కన పెట్టండి. అను ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లు, వెబ్‌సైట్లు అన్నిట్లో ఒకేలా పనిచేసే అక్షరాల పద్ధతి) కాదు, పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. ఆ కామిక్‌లో బొమ్మ వేరే ఫైలు, మాటలు వేరే ఎస్‌వీజీ ఫైలు (గీతల్ని, అక్షరాల్ని ఎంత లాగినా చెదరకుండా ఉంచే రకం). ఆ ఎస్‌వీజీని ఇంక్‌స్కేప్‌లో తెరవండి, అది ఉచితమే. మన వత్తులు, గుణింతాలు అందులో సరిగ్గా కూర్చుంటాయి. పాత ఫోటోషాప్‌లో చెయ్యాలంటే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఆప్షన్ పెట్టాలి, లేకపోతే వత్తు విడిపోయి పక్కన పడుతుంది. అనులో మీ చేతికి అలవాటైన 'యాపిల్' అనే కీబోర్డు లేఔట్‌తోనే యూనికోడ్ కొట్టే టూల్స్ ఉన్నాయి, కాబట్టి టైపింగ్ మళ్ళీ నేర్చుకోనక్కర్లేదు.

ఇక బెలూన్. అమెరికా కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలే రాసే అలవాటు. వాటికి కిందికి దిగేవి, పైకి లేచేవి లేవు. అందుకే వరస మీద వరస ఇటుకల్లా పేర్చినా నడుస్తుంది. బెలూన్‌ని ఆ లెక్కకు గీస్తారు. మనకు పైన గుడి, ఏత్వం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. 'లక్ష్మి', 'స్త్రీ' రాసి చూడండి. కాబట్టి వరసల మధ్య దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు పెట్టండి. అంతకంటే తగ్గించొద్దు. తగ్గించి మిగిల్చిన చోటు ఎందుకూ పనికిరాదు, చదివేవాడి కన్ను అక్కడ ఇరుక్కుంటుంది.

బెలూన్‌ని నిరభ్యంతరంగా పెద్దది చేసుకోండి, అది గీత మాత్రమే, లాగితే సాగుతుంది. కానీ పొడుగ్గా కాదు, వెడల్పుగా లాగండి. మన మాటలు పొడుగు. 'ఎగిరిపోతున్నావేంటి' అన్నది ఒకటే మాట, దాన్ని మధ్యలో విరిచి కింద వరసలో వేస్తే చచ్చిపోతుంది. పై వరస చిన్నది, మధ్యది పెద్దది, కిందిది చిన్నది వచ్చేలా సర్దితే గుండ్రంగా కూర్చుంటుంది. లాగేటప్పుడు ఒకటే జాగ్రత్త: ఎదుటి మనిషి కళ్ళను, చేతులను కప్పొద్దు. ఆకాశం, గోడ, పొదలు కప్పినా పర్వాలేదు.

ఇంత చేసినా పట్టకపోతే తప్పు అక్షరానిది కాదు, వాక్యానిది. గట్టిగా చదవండి. పిల్లలు ఒక్క ఊపిరిలో అనలేని వాక్యమైతే తగ్గించండి. బొమ్మలో పెప్పర్ చీపురు ఎక్కి ఎగురుతూ కనిపిస్తూనే ఉంటే "నేను చీపురు మీద ఎగురుతున్నాను" అని రాయాల్సిన పని లేదు.

ఫాంట్లు: సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసినవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మాటలకు మండలి వాడండి, వత్తులు విడివిడిగా శుభ్రంగా కనిపిస్తాయి. అరుపులకు రామభద్ర. లక్కిరెడ్డి చేతిరాతలా ముద్దుగా ఉంటుంది గానీ పెద్ద సైజులోనే బాగుంటుంది, ఎపిసోడ్ పేరుకి వాడండి. రవిప్రకాష్ మీకు పెళ్ళి పత్రికల్లోకి పనికొస్తుంది, బెలూన్లోకి వద్దు. ఏ ఫాంటునీ పక్కలకు నొక్కి సన్నగా చెయ్యొద్దు. ఫ్లెక్సీల మీద ఆ పని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.


రోళ్ళపాడు_పిట్ట:

నమస్తే అక్కా. నాకు అక్షరాల గురించి తెలియదు, హక్కుల గురించి రాస్తాను. మాది నందికొట్కూరు పక్కన. రోళ్ళపాడు అభయారణ్యం దగ్గర పెరిగాను, బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం దాన్ని 1988లో పెట్టారు. నేను ఈ కామిక్స్‌లోకి వచ్చింది రోహన్ చక్రవర్తి గీసే 'గ్రీన్ హ్యూమర్' వల్ల. అన్నీ అడవి జంతువులు, పిట్టలు, కప్పలు. మా బట్టమేక పిట్ట మీద కూడా గీశాడు. మా ఊళ్ళో ముసలోళ్ళు తప్ప ఎవరూ మాట్లాడని పిట్ట ఒక కామిక్‌లో నోరు తెరిచి మాట్లాడుతుంటే ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

అట్లాంటి ఒక బొమ్మని (ఎవరిదో చెప్పను) ఒక ఫేస్‌బుక్ పేజీ వాళ్ళు కింద సంతకం కత్తిరించి, వాళ్ళ లోగో వేసి పెట్టారు. వేలల్లో షేర్లు. గీసినాయనకు ఒక్క పాఠకుడు కూడా అదనంగా వచ్చి ఉండడు. నేను కామెంట్ పెడితే నన్ను బ్లాక్ చేశారు. అందుకే మీరు 'మంచిగా చెయ్యాలి' అన్న మాట నాకు చాలా నచ్చింది.

మీరు ఎంచుకున్న కామిక్ విషయంలో భయం వద్దు. అది క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్సు, అంటే పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చని గీసినాయన ముందే ఇచ్చిన అనుమతి. అనువదించొచ్చు, ప్రింట్ తియ్యొచ్చు, అమ్మొచ్చు కూడా. చెయ్యాల్సింది ఏంటంటే గీసినాయన పేరు, సాయం చేసినవాళ్ళ పేర్లు, లైసెన్సు పేరు, లింకు, మీరు ఏం మార్చారో, అన్నీ పుస్తకంలో వెయ్యాలి. వెనక అట్ట మీద చీమ తలకాయంత సైజులో కాదు, లోపలి అట్ట మీద చదివేలా వెయ్యండి. ఫ్రాన్స్‌లో గ్లేనా అనే పెద్ద పబ్లిషర్ కూడా ఈ కామిక్‌ని పుస్తకంగా అచ్చేసింది. లైసెన్సు అందరికీ ఒకటే, వాళ్ళకైనా మీకైనా.

కానీ ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవొచ్చు అంటే అన్నీ ఇట్లాగే అనుకోవద్దు. ర్యాండల్ మన్రో 2005 నుంచి గీస్తున్న 'ఎక్స్‌కేసీడీ' ఉంది కదా, దాన్ని పంచుకోవచ్చు, అమ్మకూడదు. పిల్లల దగ్గర పది రూపాయలు తీసుకున్నా ఆయన అనుమతి అడగాలి. వెబ్‌టూన్ యాప్‌లో చదివేవాటికి ఇంకా కచ్చితం, గీసినవాళ్ళను అడగకుండా ప్రింట్ తియ్యడం కుదరదు. మెయిల్ పెట్టి అడగండి. ఒంటరిగా పనిచేసే ఆర్టిస్టులు జవాబిస్తారు. నాకు కర్నాటక అమ్మాయి ఒకామె తన ఎనిమిది పేజీల కామిక్ మా స్కూల్లో గోడకు అతికించుకోమని ఫైలు పంపించింది.

ఇంకొకటి. మొదలుపెట్టే ముందు వాళ్ళ వెబ్‌సైట్‌లో భాషల పట్టిక ఒకసారి చూడండి. ఎవరైనా తెలుగులో చేస్తూ ఉంటే వాళ్ళతో కలవొచ్చు. మీది పూర్తయ్యాక ఫైళ్ళు వాళ్ళకే పంపించండి. ధర్మవరం పిల్లలతో పాటు అమెరికాలో తెలుగు పిల్లలకూ దొరుకుతుంది.


అక్షరాలపని_అనంతపురం:

ఇద్దరికీ చాలా థాంక్స్. కడప తమ్ముడూ, నువ్వు చెప్పినట్టు ఇంక్‌స్కేప్ వేసుకున్నాను. లక్ష్మి సరిగ్గా వచ్చింది! మండలి బాగుంది. వరసల దూరం పెంచేసరికి పేజీ గాలి పీల్చుకున్నట్టు ఉంది. కొన్ని వాక్యాలు సగానికి సగం కోసేశాను, పాపకు ఫోన్లో చదివి వినిపిస్తే ఎక్కడా ఆగలేదు.

నందికొట్కూరు తమ్ముడూ, పేర్లన్నీ లోపలి అట్ట మీద పెద్దగా వేస్తాను. పెళ్ళి పత్రికలో చుట్టాల పేర్లు ఒక్కటి మిస్సయినా మా సెంటర్‌కి వచ్చి గొడవ చేస్తారు, బొమ్మ గీసినాయన పేరు ఎట్లా వదిలేస్తాను. భాషల పట్టిక కూడా చూస్తాను. నేను ఆయనకు నెలనెలా కొంచెం పంపాలని కూడా అనుకుంటున్నాను. మన కార్డుతో బయటి దేశాలకు కట్టడం కుదురుతుందా?


రోళ్ళపాడు_పిట్ట:

చాలా కార్డులతో కుదురుతుంది అక్కా. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆన్ చేసి, లిమిట్ చిన్నది పెట్టుకోండి. మన దేశంలో గీసేవాళ్ళకైతే నేరుగా వాళ్ళ దగ్గరే పుస్తకం కొనడం మంచిది, హైదరాబాద్ కామిక్ కాన్‌కి వెళ్తే వాళ్ళే టేబుల్ వేసుకుని కూర్చుంటారు. యూపీఐ చేసి సంతకం తీసుకోవచ్చు.


ప్రెస్‌బాషా_కర్నూలు:

రాజ్‌విహార్ దగ్గర ప్రెస్సులో మిషన్ మీద ఉంటాను. అమ్మా, ప్రింట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా.

ఫోన్లో చూసే బొమ్మను పొరపాటున కూడా వెయ్యొద్దు. 800 పిక్సెళ్ళ వెడల్పు బొమ్మ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఏడు సెంటీమీటర్లు కూడా రాదు. ప్రింట్ కోసం పెట్టిన పెద్ద ఫైళ్ళే దించుకో. ఏ5 (ఏ4 కాగితంలో సగం) పుస్తకం చేస్తావు కదా? ఏ4 పేజీని ఏ5 చేస్తే అన్నీ 71 శాతానికి తగ్గుతాయి. నువ్వు 12 పాయింట్లు పెట్టిన అక్షరం చేతికొచ్చేసరికి ఎనిమిదిన్నర. ఐదో తరగతి పిల్లకు అది చాలదు. ఏ4లో 16 పెట్టు, అప్పుడు పుస్తకంలో పదకొండుకి దగ్గర వస్తుంది. స్క్రీన్ మీద చూసి ఓకే అనుకోకు, ఒక పేజీ అసలు సైజులో తీసి పిల్ల చేతిలో పెట్టు.

సెంటర్ పిన్నింగ్ (మధ్య మడతలో పిన్ను కొట్టడం) కాబట్టి పేజీలు నాలుగు చొప్పున లెక్క రావాలి. మిగిలిన పేజీ ఉంటే పిల్లలు సొంతంగా గీసుకోవడానికి ఖాళీ గళ్ళు వెయ్యి. ఆ కామిక్‌లో రాత్రి సీన్లు, ఊదా రంగులు ఎక్కువ ఉంటే సీఎంవైకేకి (ప్రింటులో వాడే నాలుగు ఇంకులకి) మార్చినప్పుడు మసకగా, నల్లగా దిగుతాయి. మార్చాక కొంచెం తేలిక చెయ్యి. నల్ల అక్షరం మాత్రం ఒక్క నలుపు రంగులోనే ఉంచు, నాలుగు రంగుల నలుపు అయితే రిజిస్ట్రేషన్ (ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడటం) వెంట్రుకవాసి తప్పినా వత్తుల చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది. ఒక క్లాసుకి సరిపడా అంటే డిజిటల్ ప్రింటే మేలు, ఆఫ్‌సెట్ ప్లేట్ల ఖర్చు దండగ. కాగితం 100 జీఎస్ఎం మ్యాప్‌లితో (మెరుపు లేని మామూలు కాగితం) తీసుకో. ఆర్ట్ పేపర్ మెరుస్తుంది గానీ పిల్లలు దాని మీద పెన్సిల్‌తో గీయలేరు.


అక్షరాలపని_అనంతపురం:

బాషా అన్నా, ఇది తెలియకపోయుంటే 12లోనే తీసేసేదాన్ని. 16కి మార్చితే మళ్ళీ కొన్ని బెలూన్లు చాలవు, ఈ ఆదివారం అవన్నీ తిరిగి లాగుతాను. కడప తమ్ముడూ, అయ్యాక మొదటి నాలుగు పేజీలు ఇక్కడ పెడతాను. ఏ వరస ఎక్కడ విరిచానో చూసి మొహమాటం లేకుండా చెప్పు. ధర్మవరం, హిందూపురం వైపు పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే ప్రూఫ్ చదవడానికి ముందుకు రండి. మాటలు మన పిల్లలు మాట్లాడుకునేట్టు ఉన్నాయా లేదా అన్నదే చూడాలి, అక్షర దోషాలు నేను పట్టుకుంటాను.