డాలస్ నుంచి సవానా, న్యూ ఆర్లీన్స్ మీదుగా పది రోజుల కారు ప్రయాణం: రాత్రి బసలు ఎక్కడ పెట్టుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అక్టోబరు మూడో వారంలో ఒక శనివారం ఉదయం డాలస్ శివారులోని మా ఇంటి నుంచి బయలుదేరి, దక్షిణాది రాష్ట్రాలను కారులో చుట్టి, పదో రోజుకు తిరిగి ఇల్లు చేరాలని అనుకుంటున్నాము. ప్రయాణించేది ఐదుగురము: నేను, నా భార్య, నాలుగేళ్ళ పాప, విజయవాడ నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అమ్మానాన్నలు. నాన్నగారికి 71 ఏళ్ళు, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఉన్నందువల్ల మెట్లు ఎక్కలేదు, రెండు గంటలకు మించి కదలకుండా కూర్చోలేదు.

నేను వేసుకున్న పథకం ప్రకారం మొదటి రోజు బర్మింగ్‌హామ్, రెండో రోజు అట్లాంటా, మూడో రోజు సవానా, నాలుగో రోజు చార్ల్‌స్టన్, అక్కడి నుంచి జాక్సన్‌విల్, పెన్సకోలా, న్యూ ఆర్లీన్స్, ఇలా దాదాపు ప్రతి రాత్రీ ఒక కొత్త ఊళ్ళో బస. రోజూ సామాను దింపడం, విప్పడం, మళ్ళీ కట్టడం పెద్దవాళ్ళకు ఎంత కష్టమో ఆలోచించావా అని నా భార్య అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. బసలను ఏ లెక్క ప్రకారం ఎంచుకోవాలో, గదులన్నీ ముందే తీసుకోవాలో లేక దారిలో చూసుకోవచ్చో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మీ మొదటి రోజు గురించే ముందుగా చెప్పాలి. డాలస్ నుంచి బర్మింగ్‌హామ్ సుమారు 640 మైళ్ళు. ఇద్దరు మిత్రులు మార్చి మార్చి నడుపుకుంటూ వెళ్ళే దూరమది, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారితో, నాలుగేళ్ళ పాపతో వెళ్ళే దూరం కాదు. మ్యాపు ఐదున్నర గంటలని చూపించే దారి, భోజనానికీ బాత్రూముకీ కాళ్ళు చాచుకోవడానికీ ఆగుతూ వెళితే మాకు ఎప్పుడూ ఏడున్నర గంటలకు తగ్గలేదు. అందుకని నేను మైళ్ళను లెక్క వేయడం మానుకుని, సాయంత్రం ఐదు గంటలకు ఎక్కడ ఉంటామన్నది ముందు నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కు లెక్కించడం అలవాటు చేసుకున్నాను. మీరు వెళ్ళే రోజుల్లో అలబామాలోని మాంట్‌గమరీలో సాయంత్రం ఆరు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. శరత్కాలంలో మిసిసిపీ, అలబామా పల్లె దారుల మీదికి జింకలు రావడం ఎక్కువ, అదీ సంధ్య వేళల్లోనే ఎక్కువ. ఆ సమయానికి మీరు గదిలో ఉండాలి.

ఈ లెక్కన మీ మొదటి బస మిసిసిపీ నది ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్. డాలస్ నుంచి ఇంటర్‌స్టేట్ 20 అనే పెద్ద రహదారి మీద సుమారు 360 మైళ్ళు, ష్రీవ్‌పోర్ట్ సరిగ్గా మధ్యాహ్న భోజనానికి అందుతుంది. విక్స్‌బర్గ్‌ను సూచించడానికి దూరం ఒక్కటే కారణం కాదు. 1863లో అంతర్యుద్ధం నడుస్తుండగా 47 రోజుల ముట్టడి తరువాత ఆ ఊరు జులై 4న లొంగిపోయింది. ఆ యుద్ధభూమి అంతా ఇప్పుడు జాతీయ పార్కు, అందులో 16 మైళ్ళ దారిని కారులో కూర్చునే చూడవచ్చు. అమ్మగారు దిగకుండానే కొండలూ ఫిరంగులూ స్మారకాలూ చూడగలిగే చోటు ఈ దారిలో ఇంతకంటే మంచిది నాకు తెలియదు. ఆదివారం ఉదయం పార్కు తెరవగానే వెళ్ళి రెండు గంటలు గడిపి బయలుదేరవచ్చు, అయితే దారిలో ఏ భాగాలు తెరిచి ఉన్నాయో ముందురోజు పార్కు వెబ్‌సైటులో చూసుకోండి.

రెండో బస మాంట్‌గమరీ. మెరిడియన్ వరకు ఇంటర్‌స్టేట్ మీదే వెళ్ళి, అక్కడి నుంచి పాత 80వ నంబరు హైవే పట్టుకుంటే సెల్మా మీదుగా వెళతారు. విక్స్‌బర్గ్ నుంచి మొత్తం 290 మైళ్ళ దాకా ఉంటుంది. సెల్మాలో ఎడ్మండ్ పెట్టస్ వంతెన దగ్గర తప్పకుండా ఆగండి. 1965లో ఓటు హక్కు కోసం నల్లజాతి ప్రజలు నడిచిన వంతెన అది. వంతెన దాటిన తరువాత మాంట్‌గమరీ దాకా మీరు కారులో వెళ్ళేది దాదాపుగా వారు 54 మైళ్ళు కాలినడకన వెళ్ళిన దారే.

పెద్ద నగరం విషయంలో ఒక్క మాట. సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య అట్లాంటా నడిబొడ్డులోకి మాత్రం ప్రవేశించకండి. ఆ వేళకు నగరానికి ఇవతలే ఆగిపోవాలి, లేదంటే మధ్యాహ్నమే దాటేసి ఉండాలి. మొబీల్‌లో నది కింద సొరంగానికీ, బాటన్ రూజ్‌లో మిసిసిపీ మీది వంతెనకూ ఇదే నియమం వర్తిస్తుంది. ఈ రెండు చోట్లా ఇంటర్‌స్టేట్ 10 సాయంత్రాలు నత్తనడక నడుస్తుంది.

రెండో సమాధానం

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, గదుల గురించీ ఇన్సులిన్ గురించీ నా అనుభవం చెబుతాను.

మూడేళ్ళ క్రితం మా మామగారితో ఇటువంటి ప్రయాణమే చేశాము. ఒక రాత్రి గది ముందుగా తీసుకోకుండా, దారిలో ఎక్కడో ఒకచోట దొరకకపోతుందా అనుకుని వెళ్ళాము. ఆ శనివారం దగ్గరి యూనివర్సిటీ ఊళ్ళో ఫుట్‌బాల్ పోటీ ఉన్నదని మాకు తెలియదు. వరుసగా నాలుగు ఎగ్జిట్‌లలో గదులు లేవన్నారు. ఐదో చోట, రాత్రి పదిన్నరకు వానలో, బయటి మెట్లు ఎక్కి వెళ్ళవలసిన రెండో అంతస్తు గది దొరికింది. మామగారు ఒక చేత్తో తడిసిన ఇనుప కమ్మీని, ఇంకో చేత్తో నా భుజాన్ని పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీద రెండు పాదాలూ ఆనించుకుని ఎక్కారు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధించింది.

కనుక అన్ని రాత్రులకూ గదులు ముందే తీసుకోండి, కానీ డబ్బు వెనక్కు ఇచ్చే ధరకే తీసుకోండి. ముందే డబ్బు కట్టేసే గది పది, పదిహేను డాలర్లు చవకగా కనిపిస్తుంది, కానీ పాపకు జ్వరం వచ్చి ఒక రోజు ఆగవలసి వస్తే మొత్తం పోతుంది. పైగా అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు ఉంటుంది కాబట్టి, సవానా, న్యూ ఆర్లీన్స్ వంటి తీరప్రాంతపు బసలు అక్టోబరులో రద్దు చేసుకునే వీలున్నవే అయి ఉండాలి. ఎన్ని గంటల లోపు రద్దు చేయాలన్నది ఒక్కో హోటల్‌కు ఒక్కో రకంగా ఉంటుంది, అదంతా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. శుక్ర, శని రాత్రుల బసలకు దగ్గరలో పోటీలేమైనా ఉన్నాయేమో ముందే చూసుకోండి. ఆబర్న్, టస్కలూసా, బాటన్ రూజ్, టాలహాసీ, ఈ నాలుగూ అటువంటి ఊళ్ళే.

బుక్ చేసిన తరువాత హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: గది కింది అంతస్తులో గానీ లిఫ్ట్ పక్కన గానీ ఇస్తారా, స్నానం చేసే చోట టబ్బు అంచు దాటకుండా అడుగుపెట్టే షవర్ ఉందా, గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయా. టబ్బు సంగతి ఎవరికీ తట్టదు, కానీ మోకాళ్ళ నొప్పులున్నవారికి మెట్లకంటే ప్రమాదకరమైనది అదే.

ఇన్సులిన్ విషయం ఇంకా జాగ్రత్తగా వినండి. హోటల్ గదుల్లోని చిన్న ఫ్రిజ్‌లలో వెనుక గోడకు ఆనుకుని ఏది పెట్టినా గడ్డకట్టవచ్చు. మామగారి కొత్త ఇన్సులిన్ పెన్ను ఒకటి తెల్లవారేసరికి అలాగే గడ్డకట్టింది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తరువాత కూడా వాడకూడదు కాబట్టి దాన్ని పారేయవలసి వచ్చింది. అప్పటి నుంచి పెన్నులను మెత్తటి తువాలులో చుట్టి ఫ్రిజ్ తలుపు అరలో పెడుతున్నాము. వాడుతున్న పెన్ను గది ఉష్ణోగ్రతలో కొన్ని వారాలు నిలుస్తుంది, ఎన్ని రోజులన్నది దానితో ఇచ్చే కాగితంలో ఉంటుంది. అయితే ఎండలో ఆపిన కారు గది ఉష్ణోగ్రత కాదు. భోజనానికి దిగిన ప్రతిసారీ ఆ సంచి మీతోపాటు లోపలికి రావాలి. నాన్నగారి భోజనం వేళ తప్పకుండా ఉండాలంటే ఉదయమే పెరుగన్నం డబ్బా కట్టుకోండి. దారిలోని రెస్ట్ ఏరియాలలో సాధారణంగా నీడలో బల్లలుంటాయి, అమ్మగారు నాలుగడుగులు వేయడానికీ అవి అనువుగా ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. టబ్బు సంగతి చదివినప్పుడు, ఇంట్లో కూడా అమ్మ అంచు పట్టుకుని దిగడం గుర్తుకు వచ్చి ఈరోజే ఒక పట్టుకమ్మీ కొని తెచ్చాను.

మీ సూచనల ప్రకారం కొత్తగా ఇలా అనుకుంటున్నాము. శనివారం విక్స్‌బర్గ్, ఆదివారం మాంట్‌గమరీ, సోమ, మంగళ, బుధ రాత్రులు సవానా, ఆ తరువాత టాలహాసీ, అక్కడి నుంచి న్యూ ఆర్లీన్స్ రెండు రాత్రులు, చివరగా ఒకే రోజులో డాలస్. రెండు సందేహాలు మిగిలాయి. మాంట్‌గమరీ నుంచి సవానా 340 మైళ్ళ పైనే ఉంది, పైగా నాన్నగారు దారిలో ఎక్కడైనా వేంకటేశ్వరస్వామి దర్శనం దొరుకుతుందా అని అడుగుతున్నారు. ఇక న్యూ ఆర్లీన్స్ నుంచి ఇంటికి 500 మైళ్ళు ఒకే రోజులో వెళ్ళడం చివరి రోజు కాబట్టి ఫరవాలేదా?

మూడో సమాధానం

నేను అట్లాంటా దక్షిణాన ఉంటాను. మీ రెండు సమస్యలలో మొదటిదానికి జవాబు మా దగ్గరే ఉంది. అట్లాంటాకు దక్షిణపు శివారైన రివర్‌డేల్‌లో వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. మాంట్‌గమరీ నుంచి వచ్చేటప్పుడు నగరం నడిబొడ్డుకు ఇవతలే ఉంటుంది కనుక మొదటివారు హెచ్చరించిన రద్దీలో మీరు చిక్కుకోరు. సోమవారం మాంట్‌గమరీలో నల్లజాతి హక్కుల నాయకుడు డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ పాస్టరుగా పనిచేసిన డెక్స్‌టర్ అవెన్యూ చర్చినీ, బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనందుకు రోసా పార్క్స్ 1955లో అరెస్టయిన చోటునూ చూసుకుని పన్నెండింటికి బయలుదేరండి. కొన్ని మ్యూజియములు సోమవారాలు మూసి ఉంటాయి కాబట్టి ముందే చూసుకోవడం మంచిది. 1959లో కింగ్ దంపతులు గాంధీజీ దేశం చూడాలని భారతదేశానికి వచ్చిన సంగతి నాన్నగారికి ఆ చర్చి ముందు నిలబడి చెప్పండి.

జార్జియా సరిహద్దు దాటగానే గడియారం ఒక గంట ముందుకు జరుగుతుందని మరచిపోకండి. రెండున్నర గంటల దారి గడియారంలో మూడున్నర గంటలవుతుంది, నాన్నగారి ఇన్సులిన్ వేళలను కూడా దానికి తగినట్టు సరిచూసుకోవాలి. సాయంత్రం దర్శనం వేళలు కనుక్కుని, ఆ రాత్రికి అక్కడే విమానాశ్రయం చుట్టుపక్కల గది తీసుకోండి. మరునాడు సవానాకు 250 మైళ్ళు, అమ్మగారికి హాయిగా ఉంటుంది.

అయితే దీనివల్ల సవానాలో మీకు రెండు రాత్రులే మిగులుతాయి. చార్ల్‌స్టన్‌ను వదిలేయండి. వెళ్ళి రావడానికి నాలుగు గంటలు పోతాయి, మీకు అక్కడ ఉండేది ఒక్క నిండు రోజు. ఆ రోజును సవానాలోని చిన్న చిన్న చతురస్రపు తోటల్లోనే గడపండి. 1733లో ఊరు కట్టినప్పటి పథకం ప్రకారం వచ్చిన ఆ తోటల్లో ఇరవై రెండు ఇప్పటికీ ఉన్నాయి. ఓక్ చెట్ల కొమ్మల నుంచి నాచు జడల్లా వేలాడుతుంటుంది. ప్రతి తోటలోనూ బెంచీలుంటాయి కనుక ఐదు నిమిషాలు నడిచి పది నిమిషాలు కూర్చోవచ్చు. గది ధర తగ్గాలంటే ఇంటర్‌స్టేట్ 95, 16 కలిసే పూలర్‌లో తీసుకోవచ్చు, కానీ మీ సందర్భంలో పాత ఊరి లోపలే తీసుకుని, మధ్యాహ్నం అమ్మగారు గదికి వచ్చి పడుకునే వీలు కల్పించడం మేలని నా అభిప్రాయం.

మొదటి సమాధానం ఇచ్చినవారు

చివరి రోజు ఫరవాలేదా అన్న ప్రశ్నకు నా జవాబు: ఫరవాలేదు కాదు. తొమ్మిది రోజుల అలసట మీద 500 మైళ్ళు నడపడమే అన్నిటికంటే ప్రమాదకరం, ఇల్లు దగ్గర పడుతున్నదని ఆగకుండా వెళ్ళాలనిపించడం దానికి తోడు. న్యూ ఆర్లీన్స్ నుంచి ఉదయం తొమ్మిది తరువాత బయలుదేరి, బాటన్ రూజ్ వంతెన దాటి, చిత్తడి అడవి మీదుగా సుమారు 18 మైళ్ళు సాగే అచాఫలయా వంతెన మీద నింపాదిగా వెళ్ళి, లఫాయెట్ దగ్గర ఇంటర్‌స్టేట్ 49 ఎక్కండి. ఆ వంతెన మీద ప్రమాదమేదైనా జరిగితే గంటల తరబడి ఇరుక్కుపోతారు కాబట్టి, ఎక్కే ముందే పాపనూ పెద్దవారినీ ఒకసారి బాత్రూముకు తీసుకువెళ్ళడం మంచిది. ఆ రాత్రి బసకు 1714లో ఏర్పడిన చిన్న పాత ఊరు ఒకటి సరిగ్గా సగం దారిలో ఉంది. బోర్డు మీద అక్షరాలు చదివితే నాచిటోచెస్ అనిపిస్తుంది, అక్కడివారు మాత్రం నాకటిష్ అంటారు. దారి అడిగేటప్పుడు ఈ రెండో పేరే అడగండి.

ఈ లెక్కన టాలహాసీ బస గురువారం పడుతుంది, ఫుట్‌బాల్ ఇబ్బంది సాధారణంగా ఉండదు. శుక్రవారం అక్కడి నుంచి ఎనిమిదింటికి బయలుదేరితే, అపలాచికోలా నది దాటగానే పోయిన గంట తిరిగి వస్తుంది కాబట్టి, మొబీల్ సొరంగాన్ని మధ్యాహ్నం రద్దీ మొదలు కాకముందే దాటేస్తారు. న్యూ ఆర్లీన్స్‌లో గది ధరతోపాటు రోజుకు పార్కింగ్ ఎంతో కూడా అడిగి తెలుసుకోండి. పాత ఊళ్ళోని హోటళ్ళలో అది గది ధరతో పోటీ పడేంత ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అన్ని గదులూ రద్దు చేసుకునే వీలున్న ధరకే తీసుకున్నాము. విక్స్‌బర్గ్‌లో కింది అంతస్తు గది ఇస్తామన్నారు, నాకటిష్‌లో నది పక్కనే దొరికింది. సవానాలో షవర్ సంగతి అడిగితే, అటువంటి గది ఒక్కటే ఉందని, మా పేరున పెడతామని చెప్పారు. ఆ మాట వినగానే అమ్మ తన చిన్న పెట్టెలో చీరలు సర్దడం మొదలుపెట్టింది.