గ్లీసన్ స్కోరు 7: 3+4, 4+3 ఒకటేనా?

ప్రశ్న: నాన్నగారి ప్రోస్టేట్ బయాప్సీ రిపోర్టులో గ్లీసన్ స్కోరు (ప్రోస్టేట్ క్యాన్సర్ తీవ్రతను తెలిపే అంకె) 4+3 అని ఉంది. ఎటు కూడినా ఏడే కదా, మరి ఈ వరుసకు అంత ప్రాధాన్యం ఎందుకు?

జవాబు: మొదటి అంకె కణితిలో ఎక్కువ భాగం ఆక్రమించిన నమూనాను, అంటే సూక్ష్మదర్శినిలో కనిపించే గ్రంథుల అమరిక తీరును తెలుపుతుంది. మూడవ నమూనాలో గ్రంథులు దేనికది విడిగా ఉంటాయి. నాలుగవదానిలో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, లేదా జల్లెడలా కనిపిస్తాయి. ఐదవదానిలో గ్రంథి ఆకారమే మిగలదు. ఆకారం చెదిరేకొద్దీ వ్యాధి వ్యాపించే ముప్పు పెరుగుతుంది కనుక, 2014లో నిపుణులు ఆమోదించిన విధానంలో 3+4ను రెండవ గ్రేడ్ గ్రూపులోను (గ్రూపు అంకె పెరిగేకొద్దీ తీవ్రత ఎక్కువ), 4+3ను మూడవదానిలోను ఉంచారు.

మరో జవాబు: జల్లెడ నమూనా ఉందేమో రిపోర్టులో చూడండి, అది ప్రతికూల సూచన. మూడు, నాలుగు నమూనాల సరిహద్దులో పాథాలజిస్టుల (కణజాలాన్ని పరీక్షించే వైద్యుల) మధ్య అభిప్రాయభేదాలు మామూలే. స్లైడ్లను మరొకరికి చూపించడం తప్పేమీ కాదు.

అడిగినవారు: జల్లెడ ప్రస్తావన ఉందండి. స్లైడ్లు ఇవ్వమని రేపే ల్యాబును కోరతాను.