అప్‌డేట్: పోర్షే 944 గరగర శబ్దానికి కారణం దొరికింది

మా 1986 పోర్షే 944 కారు న్యూట్రల్‌లో నిలిచి ఉన్నా గరగరమంటోందని, గేర్‌బాక్స్ మార్చవలసిందేనా అని ఇదివరకు అడిగాను. మార్చనక్కరలేదు. క్లచ్ తొక్కితే శబ్దం ఆగుతోందా అని మీలో ఒకరు అడిగిన ప్రశ్నే దారి చూపింది, వారికి ఎంతో కృతజ్ఞుణ్ణి. ఆగుతోంది కనుక, క్లచ్ తొక్కినప్పుడు పనిచేసే రిలీజ్ బేరింగు కారణం కాదని తేలింది. బండి కదలకుండానే వస్తోంది కనుక చక్రాలను తిప్పే షాఫ్టుల కీళ్లయిన సీవీ జాయింట్లు, చక్రాల బేరింగులు కూడా కారణం కావు. ఈ కారులో ఇంజను ముందు, గేర్‌బాక్స్ వెనక ఉంటాయి. వాటిని కలిపే షాఫ్టు, టార్క్ ట్యూబు అనే పొడవాటి గొట్టంలోని బేరింగుల మీద తిరుగుతూ, న్యూట్రల్‌లో క్లచ్ తొక్కగానే ఆగిపోతుంది. మెకానిక్ స్టెతస్కోపును పొడవునా ఆనించి వింటే, గేర్‌బాక్స్ దగ్గర మామూలుగానే ఉంది గానీ ట్యూబు నడుమ గులకరాళ్లు దొర్లుతున్నట్టు వినిపించింది. గేర్ ఆయిల్లో గేర్ల అరుగుదలను చూపే ఇనుప రజను కూడా కనబడలేదు. ట్యూబు విప్పి చూస్తే, ఒక బేరింగులో గ్రీజు ఎండి గట్టిపడింది; వేలితో తిప్పితే పట్టిపట్టి కదిలింది. బేరింగులన్నీ మార్చించాక శబ్దం పూర్తిగా పోయింది. క్లచ్ మార్చాలన్నా ఈ ట్యూబును కదపవలసిందే కాబట్టి, ఈ పని పెట్టుకునేవారు క్లచ్ ప్లేటు అరుగుదలను కూడా అప్పుడే చూపించుకోవాలని నా సలహా.