ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా ఆమె సమ్మతి అడగాలా? గృహహింస కేసుల్లో శాఖలు సమాచారం పంచుకోవడంపై చర్చ

సందేహాలరావు:
గృహహింస కేసుల్లో పోలీసులు, ఆస్పత్రి, పిల్లల సంరక్షణ శాఖ, షెల్టర్ హోమ్, కోర్టు ఎవరి ఫైలు వాళ్ళ దగ్గరే పెట్టుకుంటారు. బాధితురాలు ప్రతి గుమ్మం దగ్గరా కథ మొదటినుంచి చెప్పుకోవాలి. తీరా హత్య జరిగాక తవ్వి చూస్తే ప్రతి ఆఫీసులోనూ ఒక ముక్క దొరుకుతుంది. అన్ని ముక్కలూ ఒకచోట పెట్టి చూసినవాళ్ళే ఉండరు.

దీనికి విరుగుడుగా బ్రిటన్‌లో 'మరాక్' అనే సమావేశాలు పెట్టారు. 2003లో కార్డిఫ్‌లో మొదలయ్యాయి. ప్రమాదం బాగా ఎక్కువున్న కేసుల మీద స్థానిక పోలీసులు, ఆరోగ్య సిబ్బంది, పిల్లల సంరక్షణ, హౌసింగ్, ప్రొబేషన్ (శిక్ష పడ్డవాళ్ళ మీద బయట కన్నేసి ఉంచే శాఖ) వాళ్ళు క్రమం తప్పకుండా కూర్చుంటారు. ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పి, ఎవరు ఏ పని చెయ్యాలో అక్కడే రాసుకుంటారు. హింసించేవాడికి ఆ సంగతి పొక్కనివ్వరు. బాధితురాలు కూడా రాదు. ఆమె తరఫున 'ఇడ్వా' అనే స్వతంత్ర సహాయకురాలు మాట్లాడుతుంది. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆమె ఒప్పుకోకపోయినా వివరాలు పంచుకోవచ్చు.

అమెరికాలో దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ మహిళలపై హింస నిరోధక చట్టం కింద నిధులు తీసుకునే షెల్టర్లు ఆమె వివరాలు బయటపెట్టాలంటే రాతపూర్వకమైన, గడువున్న సమ్మతి కావాలి. లేదంటే చట్టమో కోర్టో అడగాలి.

రెండూ బాధితుల మేలు కోరి పెట్టిన నియమాలే. మీరు ఎటు? నేనైతే కార్డిఫ్ వైపు.

రాత్రిడ్యూటీ:
నేనూ అటే. ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తాను. గొంతు నులిమిన కేసుల్లో చాలాసార్లు మెడ మీద మచ్చ కూడా ఉండదు. గొంతు బొంగురు పోతుంది, మింగితే నొప్పి అంటుంది. ఇంటికి వెళ్ళిన పోలీసుకు దెబ్బ కనబడదు కాబట్టి 'చిన్న గొడవ' అని రాసుకుంటాడు. అతని మీద పాత కేసు ఉన్న సంగతి ప్రొబేషన్ వాళ్ళకి తెలుసు, మాకు తెలీదు. విడివిడిగా చూస్తే మూడూ చిన్నవే.

ప్రాణాపాయాన్ని అంచనా వేసే ప్రశ్నావళిని 1985లో తయారుచేసిన జాక్వెలిన్ క్యాంప్‌బెల్ కూడా నర్సే. అందులో అడిగేవి చూడండి: గొంతు నులిమాడా, చంపుతానన్నాడా, తుపాకీ అందుబాటులో ఉందా, వెంటపడి కాపు కాస్తున్నాడా, ఈ మధ్య విడిపోయారా. వీటన్నిటికీ జవాబు ఏ ఒక్క ఆఫీసు దగ్గరా ఉండదు.

అద్దంముక్క:
ఆ జవాబులన్నీ ఉండేది ఒక్కరి దగ్గరే, ఆమె దగ్గర. ఆమెను పక్కన పెట్టి మీరంతా కూర్చుని ముక్కలు అతికిస్తామంటున్నారు.

నేను అలాంటి ఇంట్లో బతికినదాన్ని. నమ్మి ఒక కౌన్సెలర్‌కు చెప్పిన మాట నాకు తెలియకుండానే ఇంకో ఆఫీసుకు చేరింది. వాళ్ళు మంచి ఉద్దేశంతోనే పట్టపగలు ఇంటికొచ్చి తలుపు కొట్టారు. తలుపు తీసింది మా ఆయన. ఆ తర్వాత చాలాకాలం నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మీ లెక్కల్లో అది 'మళ్ళీ ఫిర్యాదు రాని కేసు' అయ్యుంటుంది.

సందేహాలరావు:
మీకు జరిగింది చాలా అన్యాయమండీ. కానీ అది సమాచారం పంచుకోవడం వల్ల వచ్చిన ముప్పా, పంచుకున్నవాళ్ళకు పని చేతకాక వచ్చిన ముప్పా? ఆయన ఇంట్లో ఉండే వేళలు కూడా వాళ్ళకి తెలిసుంటే అలా వచ్చేవాళ్ళు కాదు కదా.

అద్దంముక్క:
ఆ వేళలు నన్ను అడిగితే చెప్పేదాన్ని.

చట్టంచుట్టం:
సందేహాలరావు గారూ, చేతకానితనం అని తేల్చెయ్యకండి. పని బాగా చేతనైన శాఖలు కూడా బాధితురాలికే ఎసరు పెట్టగలవు. న్యూయార్క్ నగరంలో పిల్లల సంరక్షణ శాఖ, తల్లి దెబ్బలు తింటోంది కాబట్టి బిడ్డను కాపాడలేకపోయిందని పిల్లల్ని తీసుకుపోయేది. 2002లో ఫెడరల్ జడ్జి జాక్ వైన్‌స్టీన్ అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పేదాకా ఆ తల్లులు కోర్టులో కొట్లాడాల్సి వచ్చింది. ఒక శాఖకు చెబితే ఇంకో శాఖ పిల్లల్ని పట్టుకుపోతుందని తెలిసినావిడ నోరెందుకు విప్పుతుంది?

ఇంకోటి. పెన్సిల్వేనియాలో నారిస్‌టౌన్ అనే ఊళ్ళో ఒక నిబంధన ఉండేది. నాలుగు నెలల్లో ఒకే ఇంటికి గొడవ విషయమై పోలీసులు మూడుసార్లు రావాల్సి వస్తే ఇంటి ఓనరు అద్దె లైసెన్సు రద్దు చెయ్యొచ్చు. 2012లో అక్కడ మెడలో గాజుముక్కతో పోటు తిన్న ఒకావిడ, ఇల్లు పోతుందన్న భయంతో, పోలీసులకు ఫోన్ చెయ్యొద్దని పక్కింటివాళ్ళను బతిమాలింది. వాళ్ళు ఆ మాట వినకుండా ఫోన్ చేశారు కాబట్టి బతికింది. పోలీసులూ హౌసింగూ బ్రహ్మాండంగా కలిసి పనిచేసిన ఊరు అది! కలిసి పనిచెయ్యడం దానంతటది మంచీ కాదు, చెడూ కాదు.

సందేహాలరావు:
నారిస్‌టౌన్‌ది బాధితుల్ని కాపాడే ఏర్పాటే కాదు. దాన్ని మరాక్ పక్కన పెట్టడం సరికాదు. పైగా మీ ఉదాహరణలో ఆవిడ ప్రాణం నిలిచింది పక్కింటివాళ్ళు ఆమె మాట వినకపోవడం వల్లే. అది నా వాదనకే పనికొస్తుంది.

చట్టంచుట్టం:
గాజుముక్క దిగాక ఎవరి సమ్మతీ అక్కర్లేదు, అందులో మనిద్దరికీ తగాదా లేదు. అంతకుముందు ఆమె నోరు ఎవరు మూయించారన్నదే నా ప్రశ్న.

మన చట్టం సంగతి కూడా చూద్దాం, ఇక్కడ చాలామందికి తెలీదనుకుంటా. 2005 గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందని నమ్మేవాళ్ళెవరైనా ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టే రక్షణ అధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెబితే వాళ్ళ మీద ఏ కేసూ ఉండదు. 10వ సెక్షన్‌కు వస్తే, సేవా సంస్థ (అంటే ఈ పనికి నమోదైన స్వచ్ఛంద సంస్థ) గృహహింస నివేదిక రాయాలంటే బాధితురాలు కోరాలి. రక్షణ అధికారి దగ్గరికి ఫిర్యాదు వస్తే మాత్రం 9వ సెక్షన్ కింద నివేదిక మేజిస్ట్రేటుకు వెళ్తుంది, ప్రతులు పోలీస్ స్టేషన్‌కు వెళ్తాయి. అంటే ఒకే చట్టంలో రెండు దారులు. స్వచ్ఛంద సంస్థ గుమ్మంలో చెప్పింది ఆమె చేతిలో ఉంటుంది, ప్రభుత్వ అధికారికి చెప్పింది కదలడం మొదలెడుతుంది. నాకు ఇది తెలివైన ఏర్పాటనిపిస్తుంది. ఏ గుమ్మంలో చెబితే ఏమవుతుందో ఆమెకు ముందే చెప్పేవాళ్ళు ఉంటేనే లెండి.

గణకుడు:
రుజువుల సంగతి కొంచెం మాట్లాడతాను. 1981-82లో మినియాపోలిస్‌లో ఒక ప్రయోగం చేశారు. నిందితుణ్ణి అరెస్టు చేస్తే మళ్ళీ కొట్టే అవకాశం తగ్గినట్టు కనిపించింది. అది చూసి అమెరికాలో చాలాచోట్ల అరెస్టు తప్పనిసరి చేశారు. తర్వాత వేరే నగరాల్లో అదే ప్రయోగం చేస్తే ఫలితాలు ఒకలా రాలేదు. మిల్వాకీలో ఉద్యోగం ఉన్నవాళ్ళలో హింస తగ్గితే, ఉద్యోగం లేనివాళ్ళలో పెరిగింది. అందరికీ ఒకే మందు అనుకున్నప్పుడల్లా ఇలాగే బెడిసికొడుతుంది. తన మొగుడు ఏ రకమో ఆమెకు తెలిసినంత ఏ చెక్‌లిస్టుకూ తెలీదు.

చెక్‌లిస్టు అంటే గుర్తొచ్చింది. ప్రమాదం ఎంతుందో తేల్చడానికి బ్రిటన్ వాళ్ళు 2009 నుంచి వాడుతున్న 'డాష్' అనే ప్రశ్నావళిలో 24 ప్రశ్నలు. 14కు 'అవును' వస్తే మామూలుగా మరాక్‌కు పంపుతారు. తక్కువొచ్చినా అధికారికి అనుమానముంటే పంపొచ్చని నియమం ఉంది. కానీ పని ఒత్తిడిలో ఉన్నవాడికి అంకె ఒక సాకు అవుతుంది. కొట్టకుండా డబ్బు, ఫోన్, బయటికెళ్ళడం అన్నీ తన గుప్పిట్లో పెట్టుకునేవాడు ఆ అంకెకు సులభంగా చిక్కడు.

రాత్రిడ్యూటీ:
గణకుడు గారూ, తన ప్రమాదం ఆమెకే బాగా తెలుసన్నది సగమే నిజం. ఆమె భయపడుతోందంటే నమ్మాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ 'ఆయన అంత పని చెయ్యడులెండి' అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఉన్న మనిషికి ప్రమాదం రోజువారీ సంగతైపోతుంది. అన్నిటికన్నా ముప్పు ఎక్కువ విడిపోయే సమయంలోనూ, విడిపోయిన కొత్తలోనూ. ఇల్లు దాటింది కదా అని అందరూ ఫైలు మూసేసేది సరిగ్గా అప్పుడే.

అందుకని నేను చెప్పేది ఇది. ముందు అడగండి. తలుపు మూసి, తీరిగ్గా, పక్కన ఎవరూ లేకుండా. 'సంతకం పెడతారా' అని కాదు. ఎవరికి చెబుతాం, ఏం చెబుతాం, వాళ్ళేం చేస్తారు అని విడమర్చి చెబితే చాలామంది ఒప్పుకుంటారు. అప్పటికీ కాదంటే, అదీ ప్రాణం మీదికొచ్చే గుర్తులుంటేనే, కావలసిన ముక్క మాత్రమే దాటాలి. 'గొంతు నులిమాడు, చంపుతానన్నాడు' వరకు చాలు. ఆమె గర్భస్రావం సంగతో, డిప్రెషన్‌కు వాడే మందుల సంగతో హౌసింగ్ ఆఫీసుకు దేనికి?

అద్దంముక్క:
ఆ మందుల కాగితమే తర్వాత పిల్లల కస్టడీ కేసులో ఆయన లాయరు చేతిలో కనబడుతుంది.

చట్టంచుట్టం:
కనబడుతుంది. నేను చూశాను. అమెరికా షెల్టర్లు అంత మొండిగా ఉండడానికి అదొక కారణం. ఫైల్లో రాసింది ఏదో ఒకరోజు సమన్లతో బయటికి రావచ్చు, అందుకే చాలామంది కౌన్సెలర్లు అవసరానికి మించి రాయరు.

సందేహాలరావు:
సరే, అందరూ ఒకే కప్పు కింద ఉంటే? 2002లో శాన్ డియాగోలో అలాంటి కేంద్రం తెరిచారు. పోలీసులు, ప్రాసిక్యూటర్లు, వైద్యులు, కౌన్సెలర్లు ఒకే చోట. ఫైలు తిరగక్కర్లేదు, ఆమే ఒక గది నుంచి ఇంకో గదికి నడుస్తుంది. ఎవరితో మాట్లాడాలో తనే తేల్చుకుంటుంది.

అద్దంముక్క:
గుమ్మంలో పోలీసు కనబడితే లోపలికే రానివాళ్ళు ఉంటారు. పౌరసత్వం కాగితాలు లేనివాళ్ళు, మొగుడే పోలీసైనవాళ్ళు. వాళ్ళకోసం విడిగా ఇంకో గుమ్మం ఉండాలి. మిగతావాళ్ళకి మాత్రం మంచి ఏర్పాటే, కాదనను.

సందేహాలరావు:
అయితే మిమ్మల్నే అడుగుతాను. మీరు కాదన్నారు, కానీ ఎదుటివాళ్ళకి మీ ప్రాణానికి ముప్పు ఉందని గట్టిగా తెలుసు. వాళ్ళేం చెయ్యాలి?

అద్దంముక్క:
చెప్పి చెయ్యాలి. 'మీరు వద్దన్నారు, అయినా మేం పోలీసులకు చెబుతున్నాం, ఇదిగో ఈ మాటలే చెబుతాం' అని నా మొహం మీద చెప్పాలి. నాకు కోపం వస్తుంది, తిడతాను, పరవాలేదు. కనీసం ఆ రాత్రి పిల్లల్ని తీసుకుని మా అక్క ఇంటికి వెళ్ళాలా వద్దా అని ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది. తలుపు కొట్టే ముందు ఏ నంబరుకు, ఏ వేళకు ఫోన్ చెయ్యాలో నన్ను అడగాలి.

రాత్రిడ్యూటీ:
ఈ చివరి మాట మా వార్డు ఫారంలో లేదు. ఆమె ఫోన్ నంబరుకు ఒక గడి ఉంది. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందన్నదానికి లేదు. రేపు అడుగుతాను, పెట్టిస్తారేమో చూద్దాం.